రొమ్ములో గడ్డ లేదు కదా అని ఊరుకోవద్దు



ఈ సంచికలో మేము ఒక చిన్న గడ్డ గురించి వ్రాస్తున్నాము. అది రొమ్ములో వచ్చే గడ్డ కాదు, చంకలో వచ్చేది. మన ఊళ్ళలో "చంకలో బిళ్ళ కట్టింది" అంటారు. ఆ బిళ్ళ గురించి ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొని, ఆ తర్వాత మీతో చెప్పవలసినది చెబుతాము.

కొన్ని సంవత్సరముల క్రితం ఒక తల్లి మనవడి జ్వరం చూపించడానికి ఆసుపత్రికి వచ్చారు. వయసు యాభై దాటింది. స్త్రీల సమాజములో ఎంతో చురుకైనవారు. వెళ్ళబోయే ముందు మా సిస్టరును పక్కకు పిలిచి, "సిస్టరమ్మా, ఎడమ చంకలో ఏదో బిళ్ళలా తగులుతోంది. నొప్పేమీ లేదులే" అన్నారు. సిస్టరు ఆమెను తెర చాటుకు తీసుకువెళ్ళి రెండు రొమ్ములూ తడిమి చూసింది. ఏమీ తగలలేదు. "రొమ్ములో ఏమీ లేదమ్మా, దిగులు పడకండి. బరువులు ఎత్తి ఉంటారు" అని చెప్పి పంపింది. డాక్టరమ్మగారికి చూపించలేదు. రిజిస్టరులో వ్రాయలేదు. మంచి మనసుతోనే చెప్పింది గాని తప్పు చెప్పింది. ఆ రోజు మాలో ఎవరున్నా బహుశా ఆ మాటే చెప్పి ఉండేవాళ్ళము.

ఆ తల్లి మళ్ళీ మా దగ్గరకు తొమ్మిది నెలల తర్వాత వచ్చారు. మధ్యలో ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర ఇంజెక్షన్లు వేయించుకున్నారు. తగ్గలేదు. పట్టణంలో మరొక చోట ఏ పరీక్షా చేయకుండానే టి.బి. మాత్రలు మొదలుపెట్టారు. అవి మింగుతూనే ఉన్నారు. బిళ్ళ నిమ్మకాయంత అయింది. చెయ్యి వాచింది. మమ్మల్ని చూసి, "మీరు ఏమీ లేదన్నారు కదమ్మా, అందుకే ఊరుకున్నాను" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది మాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

ముక్క పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని తేలింది. అది చంకలో పుట్టినది కాదు, రొమ్ము నుండి వచ్చినది. మామోగ్రాంలో మాత్రం ఏమీ కనబడలేదు. పెద్ద ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. తీసినప్పుడు రొమ్ము లోతున మినపగింజంత కణితి బయటపడింది. ఆమె వైద్యమంతా ఓర్పుతో చేయించుకొని ఐదేళ్ళు మన మధ్య తిరిగారు. మనవరాలి పెళ్ళి చూశారు. ఆ తర్వాత ప్రభువు సన్నిధికి చేరారు. ఆ తొమ్మిది నెలలు పోకుండా ఉంటే ఇంకెన్నాళ్ళు ఉండేవారో మేము చెప్పలేము. కాని ఆ నెలలు ఆమెవి, వాటిని పోగొట్టిన వారిలో మేమూ ఉన్నాము. ఆమె పిల్లల అనుమతితోనే, పేరూ ఊరూ చెప్పకుండా ఈ సంగతి వ్రాస్తున్నాము.

అందుచేత మేము గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. "రొమ్ములో గడ్డ లేదు కనుక రొమ్ము క్యాన్సర్ లేదు" అనే మాటను ఇక మన మధ్య ఎవరూ అనకూడదు. నర్సులూ అనకూడదు, డాక్టర్లూ అనకూడదు, ఇంట్లో పెద్దవాళ్ళూ అనకూడదు.

జబ్బు దాగి ఉండడం అంటే ఏమిటి?

రొమ్ములో పాల గ్రంథుల చుట్టూ కంటికి కనబడనంత సన్నని కాలువలు ఉంటాయి. వాటిలో నీళ్ళవంటి ద్రవం పారుతుంది. దానిని లింఫు అంటారు. ఈ కాలువలలో ఎక్కువ భాగం చంకలోని చిన్న చిన్న గ్రంథులకు చేరతాయి. పంటకాలువకు అడ్డం కట్టిన తడిక చెత్తను పట్టినట్లు, ఆ గ్రంథులు లింఫులో కొట్టుకువచ్చే క్రిములనూ చెడు కణాలనూ పట్టి ఆపుతాయి.

కొందరిలో రొమ్ములోని కణితి గింజంతే ఉండగానే దాని కణాలు కొన్ని చంకలోకి చేరి అక్కడ పెరుగుతాయి. రొమ్ములో చేతికి ఏమీ తగలదు. ఒక్కొక్కసారి మామోగ్రాంలోనూ కనబడదు. చంకలో మాత్రం బిళ్ళ తెలుస్తుంది. దీనినే డాక్టర్లు దాగి ఉన్న రొమ్ము క్యాన్సర్ అంటారు. ఇది ఇప్పుడు కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. అమెరికా సర్జన్ డాక్టర్ విలియమ్ హాల్‌స్టెడ్ 1907లోనే ఇటువంటి రోగుల గురించి వ్రాశారు.

ఇది అరుదైనదే. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వారిలో నూటికి ఒకరికంటే తక్కువ మందిలో ఇలా కనబడుతుంది. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 92 వేల మందికి రొమ్ము క్యాన్సర్ కొత్తగా వచ్చింది. సుమారు 98 వేల మంది దానితో చనిపోయారు. అంతమందిలో నూటికి ఒకరికంటే తక్కువ అన్నా, ఏటా కొన్ని వందల మంది తల్లులు అవుతారు. వారిలో ఒకరు మన సంఘంలో మన పక్క బల్ల మీదే కూర్చుని ఉండవచ్చు.

చంకలో వచ్చే ప్రతి బిళ్ళా క్యాన్సరేనా?

కాదు. ఈ మాట స్పష్టంగా చెప్పకపోతే మేము భయపెట్టిన వాళ్ళమవుతాము. చంకలో వచ్చే బిళ్ళలలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. చేతికి ముల్లు గుచ్చుకొని చీము పట్టినా, చంకలో సెగగడ్డ లేచినా బిళ్ళ కడుతుంది. టి.బి. వల్ల కూడా వస్తుంది, మన ప్రాంతంలో అది తక్కువేమీ కాదు. కొందరు తల్లులకు చంకలో కొంచెం రొమ్ము కణజాలం పుట్టుకతోనే ఉండి, గర్భంతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ ఉబ్బుతుంది.

చీము వల్ల వచ్చిన బిళ్ళ సాధారణంగా నొప్పి పెడుతుంది. గాయం మానిన కొద్దీ రెండు మూడు వారాలలో తగ్గిపోతుంది. అలా తగ్గనిది, గట్టిగా ఉన్నది, నొప్పి లేకుండా మెల్లగా పెరుగుతున్నది, పట్టి కదిపితే కదలనిది ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడేది నొప్పి దగ్గరే. "నొప్పి లేదు కదా" అని నిశ్చింతగా ఉంటారు. నొప్పి లేని గట్టి బిళ్ళనే మేము ఎక్కువ అనుమానంతో చూస్తాము.

ఎక్కడ ఆలస్యమవుతోంది?

మేము చూసినంతలో మూడు చోట్ల కాలం వృథా అవుతోంది.

మొదటిది, పరీక్ష లేకుండా టి.బి. మాత్రలు. గ్రంథుల టి.బి.కి సాధారణంగా ఆరు నెలలు మందు వాడాలి. జబ్బు టి.బి. కాకపోతే ఆ ఆరు నెలలూ క్యాన్సర్‌కు ఇచ్చిన గడువే. టి.బి. ఎక్కువగా ఉన్న దేశం కాబట్టి డాక్టరుకు ముందుగా ఆ అనుమానం రావడం తప్పు కాదు. ఆ అనుమానాన్ని సూదితో నిర్ధారించకుండా మందు మొదలుపెట్టడమే తప్పని మా అభిప్రాయం. "డాక్టరుగారూ, సూది పరీక్షలో టి.బి. అని వచ్చిందా?" అని అడగండి. అది ఎదురు చెప్పడం కాదు. అయితే ఇప్పటికే ఆ మాత్రలు వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి సొంతంగా మానవద్దు. రిపోర్టు పట్టుకొని డాక్టరును మళ్ళీ కలవండి.

రెండవది, గడ్డను కోసి తీసి పారవేయడం. "చిన్న ఆపరేషను చేసి తీసేశారమ్మా, మళ్ళీ వచ్చింది" అంటూ వచ్చేవారిని మేము చూస్తూనే ఉన్నాము. తీసిన గడ్డ ఏమైందని అడిగితే తెలియదంటారు. ల్యాబుకు పంపలేదు, బకెట్టులో వేశారు. జబ్బు ఏమిటో చెప్పగలిగిన సాక్షి అదొక్కటే, దాన్ని పారేశారు. శరీరం నుండి తీసిన ఏ గడ్డనైనా పరీక్షకు పంపవలసిందే. ఆ రిపోర్టుతోపాటు ల్యాబు వారు ఇచ్చే గాజుపలకలూ మైనపు దిమ్మలూ అడిగి తీసుకొని బీరువాలో జాగ్రత్త చేయండి. పెద్ద ఆసుపత్రికి వెళితే మొదట అడిగేవి అవే.

మూడవది, "మామోగ్రాం బాగుంది, ఇంటికి వెళ్ళండి" అనే మాట. వయసు తక్కువగా ఉన్నవారిలోనూ, రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవారిలోనూ చిన్న కణితి మామోగ్రాంలో దాగిపోతుంది. తెల్లని మబ్బులో తెల్లని కొంగ కనబడనట్లే. చంకలో అనుమానపు బిళ్ళ ఉన్నప్పుడు బాగున్న మామోగ్రాంతో పని అయిపోలేదు. ఆ బిళ్ళ ఎందుకు వచ్చిందో తేలాలి.

ఏ పరీక్ష తర్వాత ఏ పరీక్ష?

ముందుగా డాక్టరు రెండు రొమ్ములూ, రెండు చంకలూ, మెడా చేతితో చూస్తారు. తర్వాత మామోగ్రాం, అల్ట్రాసౌండు. బిళ్ళ నుండి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మత్తు ఇంజెక్షను చర్మానికి మాత్రమే ఇస్తారు. అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చు. "సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది" అనే భయం మన వారిలో ఉంది. ఆ భయంతో ముక్క పరీక్ష మానుకుంటే నష్టపోయేది మనమే. ఇది అన్ని క్యాన్సర్ ఆసుపత్రులలో ప్రతి రోజూ జరిగే పరీక్ష.

ముక్కలో క్యాన్సర్ కణాలు ఉంటే, అవి ఎక్కడి నుండి వచ్చాయో తెలుసుకోవడానికి ప్రత్యేకమైన రంగు పరీక్షలు ఉన్నాయి. ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అని రిపోర్టులలో మీరు చూసేవి వాటిలోనివే. రొమ్ము నుండి వచ్చినవని అనుమానం బలపడి, మామోగ్రాంలోనూ అల్ట్రాసౌండులోనూ ఏమీ లేకపోతే, అప్పుడు రొమ్ముకు ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఇలా దాగి ఉన్న కణితులలో సగానికి పైగా ఎం.ఆర్.ఐ.లో బయటపడతాయి. జబ్బు ఇంకెక్కడైనా ఉందేమో చూడడానికి శరీరానికి స్కానింగు చేస్తారు.

ఇది చదివి అందరూ ఎం.ఆర్.ఐ. తీయించుకోవాలని మేము అనడం లేదు. పండుగ తగ్గింపు ధరలకు అన్ని స్కానింగులూ చేస్తామనే ప్రకటనలు చూసి అప్పు చేయవద్దు. చంకలో బిళ్ళ ఉన్నవారికి ముందు కావలసింది డాక్టరు చెయ్యి, తర్వాత సూది. ఖరీదైన పరీక్ష అవసరమైన వారికే, దాని వంతు వచ్చినప్పుడే.

కణితి కనబడకపోతే వైద్యం ఎలా?

కొందరిలో ఎం.ఆర్.ఐ.లోనూ కణితి దొరకదు. ఇంట్లోవారు అక్కడే ఆగిపోతారు. "కనబడని దానికి వైద్యం ఏమిటి?" అంటారు. చంకలోని కణాలు రొమ్మువే అని తేలిన తర్వాత రొమ్మును వైద్యం చేయకుండా వదిలివేయకూడదు. వదిలివేసిన వారిలో చాలామందికి తర్వాత ఆ రొమ్ములోనే కణితి బయటపడిందని డాక్టర్ల అనుభవం.

చంకలోని గ్రంథులను ఆపరేషను చేసి తీస్తారు. రొమ్మును తీసివేయవచ్చు, లేదా ఉంచి మొత్తానికి రేడియేషను ఇవ్వవచ్చు. మన వాళ్ళు "కరెంటు పెట్టడం" అనేది దీనినే. రొమ్ము ఉంచి రేడియేషను ఇచ్చినా ఫలితం ఇంచుమించు సమానంగానే ఉంటుందని ఇప్పుడు తెలిసింది. అందుచేత "రొమ్ము తీసేస్తారు" అనే భయంతో ఆసుపత్రికి రాకుండా ఉండవద్దు. కీమో ఆపరేషనుకు ముందు గాని తర్వాత గాని ఇస్తారు. ఇ.ఆర్. ఉన్నవారు టామోక్సిఫెన్ వంటి మాత్ర ఐదేళ్ళు, కొందరు పదేళ్ళు వాడాలి. హెర్-2 ఉన్నవారికి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షను సాధారణంగా ఒక సంవత్సరం ఇస్తారు.

కణితి కనబడకపోవడం వల్ల ఆశ తక్కువని అనుకోవద్దు. చంకలో అంతే జబ్బు ఉండి రొమ్ములో కణితి కనబడిన వారు ఎంత బాగా కోలుకుంటారో, సరైన వైద్యం చేయించుకుంటే వీరూ అలాగే కోలుకుంటారు.

నర్సులుగా ఒక మాట. చంక ఆపరేషను తర్వాత చెయ్యి పైకి లేవక బిగిసిపోయి, తల దువ్వుకోలేక, రవిక తొడుక్కోలేక బాధపడేవారు ఉన్నారు. డాక్టరు చెప్పిన రోజు నుండి గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను గోడ మీద మెల్లగా పైకి పాకించండి. రోజూ కొంచెం పైకి. గోడ మీద పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఆ గీత పైకి పోతూ ఉంటే ధైర్యం వస్తుంది. ఆ చేతికి కాలిన గాయాలు, కోసుకున్న గాయాలు కాకుండా చూసుకోండి. వాపు కనబడితే వెంటనే రండి.

ఖర్చు విషయం. మన తెలుగు రాష్ట్రాలలో ఆరోగ్యశ్రీ అని మనం పిలుచుకొనే పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దానిని ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నారు. హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నగలు కుదువ పెట్టే ముందు, పొలం బేరానికి పెట్టే ముందు ఈ దారి అడగండి.

మన సిగ్గు, మన విశ్వాసము

జబ్బు శరీరంలో దాగి ఉంటే సూదితోనో స్కానింగుతోనో వెదకవచ్చు. మనమే దాచిపెడితే ఏ యంత్రమూ వెదకలేదు. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది గడ్డ సంగతి నెలల తరబడి భర్తకు కూడా చెప్పనివారే. కూతురి పెళ్ళి సంబంధం చెడుతుందని ఒకరు, కోత పనులు అయ్యాక చూద్దామని ఒకరు, మగ డాక్టరుకు ఎలా చూపించుకోవాలని ఒకరు.

ఈ సిగ్గు వల్లనే మన మిషను ఆసుపత్రులు పుట్టాయని మరచిపోవద్దు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు తమ భార్యల కాన్పు కష్టమైందని అయిడా స్కడర్ గారి దగ్గరకు వచ్చారు. అప్పటికి ఆమె డాక్టరు కాదు. డాక్టరైన తన తండ్రిని పంపుతానంటే, మగవారు వద్దని తిరిగి వెళ్ళారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె డాక్టరు చదివి వచ్చి 1900లో వేలూరులో వైద్యం మొదలుపెట్టడానికి కారణం ఆ రాత్రే. మన గుంటూరుకు డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లోనే వచ్చి, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. ఆ తల్లులు సముద్రాలు దాటి వచ్చింది మనం సిగ్గుతో చనిపోకూడదనే. ఇప్పుడు లేడీ డాక్టర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, తెర ఉంది. ఇంకా దాచుకుంటే ఏమనాలి?

మరికొందరు, "ప్రార్థన చేస్తున్నాము, నూనె రాశాము, డాక్టరు దగ్గరకు వెళితే అవిశ్వాసం అవుతుందేమో" అంటారు. మేమూ ప్రార్థించేవాళ్ళమే. ప్రతి ఉదయం వార్డులో ప్రార్థన చేసిన తర్వాతే మందుల ట్రే పట్టుకుంటాము. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. లూకా వైద్యుడు. పన్నెండేళ్ళు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ సంగతి మీకు తెలుసు. ఆమె గుంపులో వెనుకనుండి రహస్యంగా వచ్చి ప్రభువు వస్త్రము ముట్టింది. ప్రభువు ఆమెను రహస్యంగా వెళ్ళిపోనివ్వలేదు. నిలబెట్టి, ఆమె సంగతంతా ఆమె నోటనే చెప్పనిచ్చాడు, సమాధానముతో పంపాడు. ఆయన ఎదుట చెప్పుకోగలిగిన బాధను డాక్టరు ఎదుట ఎందుకు చెప్పుకోలేము?

మేము కోరేది

పాస్టరు అయ్యగార్లకు: ఎవరైనా సోదరి గడ్డ గురించి ప్రార్థన కోరితే, ప్రార్థించి, "ఆసుపత్రికి ఏ రోజు వెళుతున్నావమ్మా?" అని కూడా అడగండి. మీ నోట ఆ ఒక్క మాట వస్తే మా పది మాటల పని చేస్తుంది. జబ్బు పాపానికి శిక్ష అని ఎవరైనా అంటే, పుట్టు గ్రుడ్డివాని విషయంలో ప్రభువు శిష్యులకు ఏమి చెప్పాడో గుర్తు చేయండి.

పాస్టరమ్మగార్లకు, స్త్రీల సమాజ నాయకురాండ్రకు: ఏడాదికి ఒక్క కూడిక దీనికి ఇవ్వండి. మా సిస్టర్లు వచ్చి తలుపులు వేసుకొని చేతితో ఎలా చూసుకోవాలో, చంక ఎలా చూసుకోవాలో నేర్పుతారు. చేతి పరీక్షను తేలికగా తీసుకోవద్దు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998 నుండి ఇరవై ఏళ్ళపాటు లక్షన్నర మంది స్త్రీలను గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో పరీక్షించిన వారిలో జబ్బు ముందు దశలోనే దొరికింది. 50 ఏళ్ళు దాటిన వారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు ముప్పై శాతం దాకా తగ్గాయి. ప్రభుత్వ కార్యక్రమంలో కూడా 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకొకసారి ఈ పరీక్ష ఉంది. మీ ఏ.ఎన్.ఎం. వచ్చినప్పుడు "మాకు రొమ్ము పరీక్ష చేయమ్మా" అని అడగండి.

భర్తలకు, కొడుకులకు: ఆమె చెప్పే వరకు ఆగవద్దు. మీరే అడగండి. డాక్టరు దగ్గరకు మీరే వెంట రండి. అరుదుగా మగవారికీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది, మీ చంకలో బిళ్ళనూ దాచుకోవద్దు.

తల్లులకు, చెల్లెళ్ళకు: రెండు మూడు వారాలు దాటినా పోని బిళ్ళ ఉంటే రండి. పిల్లల జ్వరానికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర చెప్పి వెళ్ళిపోవద్దు. మీ పేరు మీద చీటీ వ్రాయించుకొని రండి.

చివరికి మాకు మేము: ఆ తల్లి తిరిగి వచ్చిన వారం నుండి మా విభాగంలో ఒక నియమం పెట్టుకున్నాము. చంకలో బిళ్ళ అని ఏ స్త్రీ చెప్పినా, రొమ్ములో ఏమీ తగలకపోయినా, రిజిస్టరులో వ్రాసి అదే రోజు డాక్టరమ్మగారికి చూపించాలి. "ఏమీ లేదు" అనే అధికారం నర్సుకు లేదు. ఎప్పుడైనా మా వాళ్ళు మరచిపోతే మీరే గుర్తు చేయండి. మేము నొచ్చుకోము.

మన రక్షకుడు మీకు ఆరోగ్యమును, చెప్పుకొనే ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.

ప్రభువు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు నర్సింగ్ సిబ్బంది